చచ్చిన బ్యాటరీ కళ్లు చారెడు

ఎలక్ట్రిక్ వాహనాల మీద పరిశోధన చేసేవాళ్లను మన సమాజం తగినంతగా గౌరవించడం లేదని నా ఆవేదన. ముఖ్యంగా బ్యాటరీ ఆయుష్షు చెప్పేవాళ్లను. మనిషి ఆయుష్షు చెప్పేవాడికి టీవీలో పొద్దున్నే అరగంట ఇస్తాం. బ్యాటరీ ఆయుష్షు చెప్పేవాడికి ఫెలోషిప్పు కూడా నెలనెలా ఇవ్వం.

పైగా వీళ్ల జోస్యం గురి తప్పదు. చాలా పరిశోధన పేపర్లలో తేడా ఒకటి రెండు శాతం దాటదు. ఇంత గురి వెనక నలుగురు మహానుభావులున్నారు: బీ0005, బీ0006, బీ0007, బీ0018. అమెరికాలో నాసా వారి ఏమ్స్ పరిశోధన కేంద్రంలో పరీక్షకు కూర్చున్న లిథియం అయాన్ సెల్స్ ఇవి. 24 డిగ్రీల చల్లటి వాతావరణంలో 1.5 ఆంపియర్లతో నింపడం, 2 ఆంపియర్లతో ఖాళీ చేయడం, మళ్లీ నింపడం. సామర్థ్యం 30 శాతం తగ్గితే ఆయువు తీరినట్టు లెక్క. మొదటి ముగ్గురి చరిత్ర 168 సార్లు ఖాళీ అయ్యేదాకా ఉంది, నాలుగో ఆయనది 132తోనే ఆగింది.

ఆ లెక్కలను నాసా అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. అప్పట్నుంచీ దేశదేశాల పరిశోధకులు ఈ నలుగురూ ఎప్పుడు పోతారో ముందుగా చెబుతూనే ఉన్నారు. ఎప్పుడో పోయినవాళ్లకు చావు ముహూర్తం చెప్పడం తేలికే కదా అనుకునేరు. నిరుడు చెప్పినవాడి కంటే దశాంశం తర్వాత ఇంకో అంకె దగ్గరగా చెప్పాలి, లేకపోతే పేపరు అచ్చుకాదు.

ఒక్కటే చిక్కు. ఆ 24 డిగ్రీలు మే నెలలో రామగుండంలో అర్ధరాత్రి కూడా దొరకవు. మన స్కూటర్ మీద ఇద్దరు పెద్దవాళ్లు, మధ్యలో ఒక పిల్లాడు, కాళ్ల దగ్గర పాతిక కిలోల బియ్యం బస్తా. ఫ్లైఓవర్ మొదట్లో 31 కిలోమీటర్లు మిగిలాయన్న స్క్రీన్, పైకెక్కేసరికి 19 అంటుంది. దిగేటప్పుడు సిగ్గుపడి 24కి ఒప్పుకుంటుంది. బీ0005 ఏనాడూ బియ్యం బస్తా మోసిన పాపాన పోలేదు.

మన స్కూటర్ల లెక్కలే తీసుకోవచ్చుగా అంటారు. లెక్కలకేం, బోలెడు. వీటి లిథియం బ్యాటరీల్లో బీఎంఎస్ అనే సర్క్యూట్ వోల్టేజీ, కరెంటు, వేడి కొలుస్తూనే ఉంటుంది. ఇంటర్నెట్‌తో కలిపిన కనెక్టెడ్ స్కూటరైతే ఆ వివరాలు కంపెనీ సర్వర్‌కి చేరతాయి. కొన్నవాడు అడిగితే యాప్‌లో ఆకుపచ్చ టిక్కు చూపిస్తారు. పరిశోధకుడు అడిగితే వాణిజ్య రహస్యం అంటారు. మన వీధి గుంతలూ మన ఎండలూ మనకే రహస్యమట! ఇక్కడ మాత్రం నాకు వ్యంగ్యం రాదు, ఒళ్లు మండుతుంది. చేసేదేముంది, పరిశోధకుడు మళ్లీ ఆ నలుగురి కాళ్లే పట్టుకుంటాడు.

కరెంటు వాడకం అంచనా వేసేవాళ్ల పాట్లు వేరు. రేపటి రోజును పావుగంట చొప్పున 96 ముక్కలు చేసి, ఏ ముక్కలో ఎన్ని మెగావాట్లు కావాలో ఇవాళే చెప్పాలి. తప్పితే ఆ తేడాకి డబ్బు లెక్క తేలాలి. 2020 ఏప్రిల్ 5న రాత్రి 9 గంటలకు 9 నిమిషాలు లైట్లు ఆర్పమని ప్రధాని అన్నప్పుడు 12 నుంచి 14 వేల మెగావాట్లు తగ్గుతుందని దేశమంతటి కరెంటు సరఫరా చూసే గ్రిడ్ వాళ్లు లెక్కగట్టారు. తగ్గింది 31 వేల పైచిలుకు. జలవిద్యుత్ కేంద్రాలను అటూ ఇటూ ఆడించి గ్రిడ్‌ను నిలబెట్టారు. పాపం, వాళ్లను తప్పుపట్టలేం. చెప్పిన మాట ఇంత బాగా వింటామని మన గురించి ఏ కంప్యూటర్ మోడల్ మాత్రం ఊహిస్తుంది?

ఇప్పుడు ఇందులోకి బండ్లు కూడా దిగాయి. సోలార్ కరెంటు దండిగా ఉండే మధ్యాహ్నం స్కూటరేమో ఆఫీసు ముందు ఎండలో మాడుతుంటుంది. రాత్రి ఎనిమిదికి ఏసీలతో పాటు అందరూ ఒకేసారి ప్లగ్గు పెడతారు, అదీ మూడో అంతస్తు బాల్కనీ నుంచి వేలాడే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి. కింద ఛార్జింగ్ పాయింటు పెడదామంటే కామన్ మీటరు మీద వద్దని పెట్రోలు బండ్లవాళ్లు లేస్తారు. సొంత మీటరు నుంచి వైరు లాగుతామంటే కొత్తగా రంగులేసిన గోడకి చిల్లు పెట్టొద్దని ప్రెసిడెంటు గారు లేస్తారు. మా అసోసియేషన్‌లో ఈ చర్చ పోయినసారి లిఫ్ట్ మెయింటెనెన్స్ మీదికి మళ్లి అక్కడే ఆగింది. ఈ ఆదివారం ఏం తేలుతుందో ముందే చెప్పగల మోడల్ ఎవరి దగ్గరైనా ఉంటే సెక్రటరీ గారు పదివేలు ఇస్తానంటున్నారు, కామన్ ఫండ్ నుంచే.