మందు, కేసు, గుండు

మా తాతగారు బంగారం పని చేసేవారు. గాజు పెట్టెలో సన్నని త్రాసు, పక్కన చిన్న గిన్నెలో ఎర్రటి గురివింద గింజలు. తొంభై ఆరు గింజల ఎత్తు ఒక తులం. తూచేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టేవారు. ఎవరికైనా తుమ్ము వచ్చేటట్టుంటే వీధిలోకి వెళ్లి తుమ్మి రమ్మనేవారు. మా నాన్న ఆ త్రాసును అటక ఎక్కించి బ్యాంకులో చేరారు. నేను కంప్యూటర్ల వెంటపడి అమెరికా వెళ్లి, వ్యోమింగ్ రాష్ట్రంలో షయాన్ అనే ఊళ్లో తేలాను. అక్కడ మూడో తరంలో మళ్లీ త్రాసు పట్టాను. కాకపోతే ఈసారి తూచేది బంగారం కాదు, తుపాకి మందు.

షయాన్ సముద్రమట్టానికి ఆరు వేల అడుగుల పైన ఉంటుంది. ఊరు దాటితే కనుచూపు మేర గడ్డి, ఆ గడ్డి నిండా ప్రెయిరీ డాగులు. పేరుకు కుక్క, పుట్టుకకు ఉడుత, పనులకు పందికొక్కు. బీళ్లన్నీ బొరియలతో జల్లెడ చేస్తుందని పశువుల రైతులకు దాని మీద కోపం. వాటి కోసమే అక్కడ చిన్న గుండు, పెద్ద వేగం ఉండే రైఫిళ్లు వాడతారు. వాటిలో వేసే తూటాల్లో 22 హార్నెట్ 1930లో అమ్మకానికి వచ్చింది, 220 స్విఫ్ట్ 1935లో, నా రైఫిల్‌లో వేసే 223 రెమింగ్టన్ 1964లో. ఈ మూడో దాని పేరులో 223 ఉంది, గుండు కొలిస్తే 0.224 అంగుళాలు ఉంటుంది. ఆ వెయ్యోవంతు తేడా ఎక్కడిదని మా పక్కింటి పెద్దాయనను అడిగాను. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, నవ్వి ఊరుకున్నారు. నేను ఇంతవరకు కాగితాన్ని తప్ప దేన్నీ కొట్టలేదని కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఒకసారి ఒక ప్రెయిరీ డాగు వెనక కాళ్ల మీద నిలబడి చేతులు కట్టుకుని నన్ను చూసింది. అచ్చం మా హైస్కూలు లెక్కల మాస్టారిలా అనిపించి తుపాకి దించేశాను.

కాల్చిన తూటా ఇత్తడిని పారేయకుండా మళ్లీ నింపుకుంటే సగం ఖర్చు కలిసివస్తుందని పెద్దాయన అన్నారు. అదే మాట మా ఆవిడకు చెప్పాను. ఆవిడ నేను కొన్న, పిడితో తూటాలు నొక్కే ప్రెస్సు, త్రాసు, కాలిపర్సు, మాన్యువళ్లు అన్నిటి బిల్లులూ కూడి, ఆ సగం కలిసిరావాలంటే మన అబ్బాయి పెళ్లి దాకా కాల్చాలని తేల్చింది. వాడికి నాలుగు నెలలు.

ఆ మనవడి కోసమే మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఫిబ్రవరి చలి, గడప దాటే వీలు లేదు. గ్యారేజీలో నా పని ఆవిడకు టీవీ కంటే బాగా పట్టింది. నేను అన్నిటికీ తెలుగు పేర్లు చెప్పాను. డబ్బాలో ఉన్నది మందు. ముందు కూర్చునేది గుండు. ఇత్తడి దాన్ని గొట్టం అందామంటే ఆవిడే ఒప్పుకోలేదు, "మీరిద్దరూ కేసు అంటున్నారు కదా, నేనూ కేసే అంటాను" అన్నారు. కాల్చినప్పుడు ఉబ్బిన కేసును నొక్కి మళ్లీ కొలతకు తెచ్చే ఉక్కు అచ్చు డై. అది నాది కాదు, పెద్దాయన అరువిచ్చినది, నా పెళ్లి కంటే పాతది. వారం తిరిగేసరికి ఆవిడ ఈ మాటలన్నీ అలవోకగా వాడేస్తున్నారు.

ఇందులో అసలు పని మెట్లు ఎక్కడం. ఏ రెండు తుపాకి గొట్టాలకీ ఒకే మందు నచ్చదు. మాన్యువల్లో ఇచ్చిన కింది కొలతతో మొదలుపెట్టి, కొద్ది కొద్దిగా పెంచుతూ, మెట్టుకు ఐదు తూటాల చొప్పున కాల్చి, ఏ మెట్టు దగ్గర రంధ్రాలు గుంపుగా పడతాయో చూడాలి. తుపాకి బోల్టు ఎత్తడానికి బరువైనా, కేసు అడుగున ఉండి మందును అంటించే ప్రైమర్ అప్పడంలా చదునైనా అక్కడితో దిగిపోవాలి. ఎన్ని గ్రెయిన్ల దగ్గర నాకు కుదిరిందో మాత్రం రాయను. ఎవరి తుపాకి వారిది, ఎవరి మాన్యువల్ వారిది.

గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. 7,000 గ్రెయిన్లు ఒక పౌను. ఈ లెక్క చదువుతుండగా నాకు ఒళ్లు పులకరించింది. ఎందుకంటే మా తాతగారి తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. ఇప్పుడు కొట్లలో 10 గ్రాములకే తులం అంటున్నారు, అది వేరే విషయం. అంటే నేను వాడే 50 గ్రెయిన్ల గుండు పావు తులం పైచిలుకు. ఇక గ్రెయిన్‌లో పదోవంతు అంటే సన్నబియ్యం గింజలో సగం. అంతటి తూకం నా రక్తంలోనే ఉందని పెద్దాయన దగ్గర గొప్పలు పోయాను. ఇంట్లో హీటరు ఫ్యాను తిరిగినప్పుడల్లా త్రాసు ముల్లు ఊగుతోందని కనిపెట్టి, తూచినంతసేపూ హీటరు కట్టేయించాను. లోపల తల్లీ బిడ్డా రెండేసి దుప్పట్లు కప్పుకున్నారు. అత్తగారు స్వెట్టరు మీద శాలువా, శాలువా మీద నా కోటు వేసుకుని, తుమ్ము వస్తే వీధి తలుపు తీసుకుని బయటికి వెళ్లి తుమ్మి వచ్చేవారు. మా తాతగారు చూసి ఉంటే ఆనందించేవారు.

మొదటి విడత ఇరవై ఐదు తూటాలు పెద్దాయన పక్కన కూర్చుని చేయించారు. నూరు గజాల దూరంలో మొదటి మెట్టు గుండ్లు చల్లిన అక్షింతల్లా పడ్డాయి. నాలుగో మెట్టుకు వచ్చేసరికి ఐదు రంధ్రాలూ ఒక రూపాయి బిళ్ల కింద దాక్కున్నాయి. ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించాను. మా ఆవిడ దాని పైన పాల లెక్క రాసింది.

ఇక రెండో విడత యాభై. ఇది నా సొంతంగా. గొడవ ఇక్కడే మొదలైంది.

మసి పట్టిన కేసులను మొక్కజొన్న కండె పొట్టులో గంటల తరబడి దొర్లించి మెరిపించే యంత్రం ఒకటి ఉంటుంది. దాన్ని చూసి అత్తగారు, "ఇత్తడికి ఇంత హంగామా ఎందుకండీ, చింతపండు లేదా?" అన్నారు. కాలిన ప్రైమర్లు ముందే ఊడదీసి ఉన్నాయి. ఆ మసిలో సీసం ఉంటుంది గనుక వంటింటి గిన్నెలు వద్దన్నాను. ఆవిడ చేతికి తొడుగులు వేసుకుని, గ్యారేజీలో పాత బకెట్‌లో చింతపండు పిసికి, యాభై కేసులనూ దీపావళి ముందు దీపపు కుందులు తోమినట్టు తోమారు. అవి ఎలా మెరిశాయంటే, కొత్తగా కొన్నవి వాటి పక్కన వెలిసిపోయినట్టున్నాయి. తర్వాత వాటిని పళ్లెంలో పేర్చి, పైన పంచె కప్పి, వడియాలు పెట్టినట్టు వెనక ఎండలో పెట్టారు. షయాన్ గాలి సంగతి ఆవిడకు తెలియదు. పంచె పక్క వీధిలో దొరికింది. కేసులు మంచులో ఏరుకున్నాం, నలభై ఏడు.

డైలోకి పంపే ముందు ప్రతి కేసుకూ జిడ్డు రాయాలి. అది లేకపోతే ఇత్తడి ఉక్కును కరుచుకుంటుంది. పెద్దాయన ఏదో డబ్బాలోంచి వేలితో తీసి రాసేవారు. ఆ డబ్బా కొనమని చెప్పారు కూడా. మందును గ్రెయిన్‌లో పదోవంతు తేడా లేకుండా తూచగల మనవడికి ఒక జిడ్డు డబ్బా లెక్కా? కొబ్బరినూనె సీసా తెచ్చాను. గ్యారేజీలో హీటరు లేదు కదా, నూనె గడ్డకట్టి వెన్నలా ఉంది. 24 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఫరవాలేదని ఆ గడ్డనే వేళ్లతో నలిపి రాశాను. ఒక వైపు కుప్పగా అంటింది, ఒక వైపు అసలు అంటనేలేదు. చింతపండు దెబ్బకు కేసు మీద మసి జిడ్డు కూడా మిగల్లేదు.

మొదటి కేసు వెళ్లింది, కీచుమంటూ వచ్చింది. రెండోది వెళ్లింది. ప్రెస్సు పిడి పైకి ఎత్తబోతే కదల్లేదు. ఒక చేత్తో కాక రెండు చేతులతో పట్టాను. ఒక కాలు బల్లకు తన్ని పట్టాను. టప్పుమని చప్పుడైంది, పిడి హఠాత్తుగా తేలికైపోయింది. హమ్మయ్య అనుకుని కిందికి చూస్తే, కేసు అడుగును పట్టుకునే కొక్కెంలో నెలవంక ఆకారంలో చిన్న ఇత్తడి తునక మాత్రం ఉంది. అది కేసు అంచు. మిగతా కేసంతా డై లోపల, బావిలో పడ్డ చెంబులా నున్నగా మెరుస్తోంది. పట్టుకుని లాగడానికి అంచు లేదు.

నేను టార్చి వేసి డైలోకి తొంగి చూస్తుండగా వంటింట్లోంచి అత్తగారి గొంతు వినపడుతోంది. శనివారం రాత్రి పది. తెనాలిలో ఆదివారం పొద్దున పదిన్నర. ఆవిడ తమ్ముడుగారు అక్కడ ప్లీడరు, వారం వారం ఆ వేళకే ఫోను చేస్తారు.

"ఏం చెప్పనురా తమ్ముడూ, ఇక్కడ మనసేం బాగాలేదు. అల్లుడుగారి కేసు ఇరుక్కుపోయింది... ఆ, కేసే... ఎవరిదంటావా? పక్కింటాయన డై... డైరా, డై! పాపం, చాలా మంచివాడు... ఇంకెక్కడ, మా గ్యారేజీలోనే... ఏం చేస్తారు, రోజూ అర్ధరాత్రి దాకా మందు దగ్గరే కూర్చుంటారు. ఎక్కువైతే ప్రమాదమని ఆ పెద్దాయన మొత్తుకుంటూనే ఉన్నారు... అమ్మాయి ఏం చేస్తుందిరా, చలికి వణుకుతూ కూర్చుంది... ముందు ఆ కేసు బయటపడాలి, ఆ తర్వాతే గుండు... ఒక్కటా? యాభై అనుకున్నారు."

ఇంతలో లైను తెగిపోయింది.

అరగంటలో నా ఫోను మోగడం మొదలైంది. మొదట డాలస్‌లో ఉన్న మా పెదనాన్న కొడుకు. "తమ్ముడూ, పోలీసులతో ఒక్క మాట కూడా మాట్లాడకు" అని పెట్టేశాడు. తర్వాత విజయవాడ నుంచి మా అమ్మ. ఏడుస్తోంది. విషయం అడిగితే చెప్పదు, కేసు బయటపడితే నాకు తిరుమలలో తలనీలాలు ఇప్పిస్తానని ఇప్పుడే మొక్కుకున్నానని మాత్రం చెప్పింది. నేను డైతో కుస్తీ పడుతున్నానేమో, కేసు గురించి అమ్మకు ఇంత ఆపేక్ష ఎందుకా అని ఆశ్చర్యపోయి, "తప్పకుండా బయటపడుతుందమ్మా, పక్కింటాయన డ్రిల్లు తెస్తున్నారు" అన్నాను. అటువైపు ఏడుపు ఆగిపోయింది. చాలాసేపు ఆగిపోయింది.

ఆ తర్వాత ప్లీడరు బాబాయిగారు. వీడియో కాలు. వెనక గోడకు లా పుస్తకాలు.

"అబ్బాయ్, వివరాలు ఫోనులో చెప్పకు. అడిగినదానికి అవునో కాదో అను చాలు. తుపాకి నీదేనా?"

"నాదే బాబాయిగారూ."

"మందు ఎంత?"

"ఎక్కువ లేదండీ. పదోవంతు తేడా రాకుండా తూచుతాను."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "తూచుకుని తాగేవాణ్ణి ఇదే చూడడం. సరే. డై అయినది ఎప్పుడు?"

"చాలా పాతదండీ. 1970ల నాటిది."

"1970లా? నువ్వు పుట్టకముందే! మరి కేసు నీ మీద ఎందుకు పడింది?"

నా బుర్ర పని చేయడం మానేసింది. సరిగ్గా అప్పుడే గ్యారేజీ తలుపు తట్టి పెద్దాయన లోపలికి వచ్చారు, చేతిలో డ్రిల్లు, బోల్టు, స్పానరు. బల్ల మీది కొబ్బరినూనె సీసాను చూశారు, నన్ను చూశారు. ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం గురించి నేను ఇంకో వ్యాసం రాయగలను.

"ఆయనెవరు?" అన్నారు బాబాయిగారు.

"ఈయనే పక్కింటాయన. డై ఈయనదే."

తెనాలిలో ఎవరో "అమ్మో" అన్నారు. బాబాయిగారి వెనక చాలామందే ఉన్నారని అప్పుడు తెలిసింది.

పెద్దాయన డైని వైసులో బిగించి, లోపలి సూది పైకి తిప్పి, కేసు అడుగున కన్నం చేసి, మర కోసి, బోల్టు దింపి, స్పానరుతో తిప్పుతూ పోయారు. ఫోనును గోడకు ఆనించి పెట్టాను. తెనాలి అంతా ఊపిరి బిగబట్టి చూసింది. కీచ్ మని ఒక్క అరుపు అరిచి కేసు బయటికి వచ్చింది. అత్తగారు చప్పట్లు కొట్టి, "వచ్చేసిందిరా తమ్ముడూ, కేసు వచ్చేసింది!" అని దాన్ని కెమెరా ముందు పెట్టారు. చింతపండు మెరుపు ఇంకా పోలేదు.

బాబాయిగారు ఆ ఇత్తడి ముక్కను చాలాసేపు చూశారు. తర్వాత పెద్దాయనను చూశారు. పెద్దాయన తనకు తెలిసిన ఏకైక తెలుగు మాట "నమస్కారం" అన్నారు. బాబాయిగారికి సంగతంతా అర్థమైందని ఆయన ముఖమే చెబుతోంది. కానీ ముప్పై ఏళ్ల ప్లీడరీ ఉత్త చేతులతో వెనక్కి వెళ్తుందా?

"సరే, మనిషి బతికే ఉన్నాడు" అన్నారు. "రాజీకి ఒప్పుకున్నాడా?"

ఒప్పుకున్నారు. వెళ్తూ వెళ్తూ జేబులోంచి తన జిడ్డు డబ్బా తీసి నా త్రాసు పక్కన పెట్టారు. అత్తగారు మూత తీసి వాసన చూసి, గొర్రె వాసన వేస్తోందన్నారు. గొర్రె ఉన్ని కొవ్వేనట అది.

మర్నాడు అమ్మకు ఫోను చేసి మొదటి నుంచి చివరి దాకా విడమరిచి చెప్పాను. మందు అంటే ఏమిటో, డై అంటే ఏమిటో, గుండు అంటే ఏమిటో. అంతా ఓపికగా విన్నది.

"ఇంతకీ కేసు బయటపడిందా, లేదా?"

"పడిందమ్మా."

"అయితే జూన్‌లో టిక్కెట్లు తీసుకో. మొక్కు మొక్కే."

నలభై ఆరు గుండ్లు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. నాది జూన్‌లో.