భార్య ఫోనులో భర్త వెతుకుతున్నది నిజాన్నా, మనోవర్తి ఎగ్గొట్టే దారినా?

మా నెల్లూరులో పెళ్లాం మీద అనుమానం వస్తే ఒకప్పుడు పెద్దమనుషులను కూర్చోబెట్టేవారు. ఇప్పుడు "కాల్ లిస్టు తెప్పిస్తాం, ఫోనులో యాప్ వేసిపెడతాం" అనేవాడికి డబ్బు పోస్తున్నారు. ఎందుకయ్యా అంటే, విడాకులకు సాక్ష్యమట!

కాల్ డేటా ఎవరు పడితే వారికి ఇచ్చేది కాదు. అనుమతి లేకుండా ఇంకొకరి ఫోనులో దూరితే ఐటీ చట్టం కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. మొగుడైనా సరే, పెళ్లామైనా సరే. 2025 జులైలో సుప్రీంకోర్టు ఒప్పుకుంది కదా అని వాదించేవారున్నారు. ఆ తీర్పు భార్యాభర్తలు తమలో తాము మాట్లాడుకున్నది రహస్యంగా రికార్డు చేస్తే విడాకుల కేసులో చూడవచ్చని చెప్పింది. దొంగ యాప్ వేసుకోమని చెప్పలేదు.

ఒంగోలులో మా బంధువుల పంచాయితీలో ఒకాయన "నా పెళ్లాంతో తిరిగినవాణ్ణి జైల్లో వేయిస్తా" అని మీసం దువ్వాడు. వివాహేతర సంబంధం నేరం కాదని 2018లోనే కోర్టు తేల్చింది. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కింద విడాకులకు కారణంగా మాత్రం మిగిలింది. దాన్ని రుజువు చేయాల్సింది ఆరోపించినవారే. ఒక సెల్ఫీ, నాలుగు మెసేజీలు చూపిస్తే సరిపోదు.

అసలు సంగతి వేరు. విడిపోవడమే కావాలంటే, ఏడాది విడిగా ఉండి ఇద్దరూ ఒప్పుకుంటే చాలు. పిటిషన్ వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును కూడా కోర్టు తగిన సందర్భంలో మాఫీ చేయవచ్చని 2017 నుంచీ ఉంది. అయినా ఈ నిఘా ఎందుకంటే, వ్యభిచారంలో బతుకుతున్న భార్యకు మనోవర్తి రాదని పాత నేర విచారణ చట్టం (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్‌లో ఉంది, దాని చోట వచ్చిన ఇప్పటి చట్టం (బీఎన్‌ఎస్‌ఎస్) 144లోనూ ఉంది. ఆ ఒక్క ముక్క పట్టుకున్నారు మన మగాళ్లు. ఎప్పుడో ఒకసారి తప్పు జరిగిందంటే చాలదు, అది కొనసాగుతున్న జీవితమని చూపాలని కోర్టులు ఎన్నోసార్లు అన్నాయి. మొగుడు తిరిగితే ఆయన బాధ్యత పెరుగుతుందని ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు, చూశారా!

ఇంకా రోత పుట్టించేది, "బిడ్డకు డీఎన్‌ఏ పరీక్ష చేయించండి" అనే పిటిషన్. పెద్దల కొట్లాటలో పిల్లల రక్తం అడగడమేమిటి? అడిగిందే తడవుగా అలాంటి పరీక్షకు ఆదేశించకూడదని సుప్రీంకోర్టు 2023లో మళ్లీ చెప్పింది. తల్లి మీద ఎంత నింద రుజువైనా, ఆ బిడ్డ చదువుకూ తిండికీ తండ్రి కట్టాల్సింది కట్టాల్సిందే.