వకారానికి వీసా రాలేదు

మా మేనల్లుడిది ఒడిశాలోని పర్లాకిమిడి, ఉద్యోగం దుబాయిలో. ఏడుకొండలవాడి పేరు పెట్టుకున్న పాపానికి అతడు ప్రస్తుతం ముగ్గురుగా జీవిస్తున్నాడు. పాస్‌పోర్టులో వేంకటరావు, ఇక్కడి వివాహ ధ్రువపత్రంలో బేంకటరావు, దుబాయి వారిచ్చిన నివాస కార్డులోని అరబ్బీ అక్షరాలలో ఫేంకటరావు.

ఒడియా లిపిలో వాడుకగా బకారమే వకారం పని కూడా చేస్తుంది. అది ఆ భాష హక్కు, అందులో నాకు తగాదా లేదు. ఇంగ్లీషు 'వి'కి అరబ్బీలో అక్షరం లేదు కనుక వారు 'ఫ'తో సరిపెట్టుకున్నారు, వారినీ తప్పుపట్టను. కానీ పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని, అందులోని ఇంగ్లీషు 'వి'ని చూస్తూ, అదే ఇంగ్లీషులో 'బి' కొట్టిన మహనీయుడి ప్రతిభను మాత్రం మెచ్చుకోక తప్పదు. అడిగితే ఆయన "రెండూ ఒకటే కదా" అని నిదానంగా సెలవిచ్చారు.

భార్యను దుబాయికి తీసుకువెళ్ళాలంటే నెలకు నాలుగు వేల దిర్హాముల జీతం, లేదా మూడు వేలతోపాటు వసతి ఉండాలి. అవి ఉన్నాయి. వివాహ పత్రం మీద రాష్ట్ర ప్రభుత్వం, మన విదేశాంగ శాఖ, యు.ఏ.ఇ. రాయబార కార్యాలయం, చివరగా అక్కడి విదేశాంగ శాఖ ముద్రలు వేయాలి. అవీ పడ్డాయి. వీటిలో ప్రతి ముద్రా తనకు ముందున్న సంతకం నిజమైనదని చెబుతుందే తప్ప, లోపల రాసినది నిజమని ఏ ముద్రా చెప్పదు. ఆ విధంగా బేంకటరావు అనే లేని మనిషికి రెండు దేశాల ప్రభుత్వాలు నాలుగుసార్లు పట్టం కట్టగా, ఉన్న మనిషి దరఖాస్తు తిరిగి వచ్చింది.

అతడు సెలవు పెట్టి వచ్చాడు. సవరణకు ముందు నోటరీ ఎదుట అఫిడవిట్ ఇవ్వాలన్నారు. "వేంకటరావు అను నేనును, బేంకటరావు అనునతడును ఒక్కరమే" అని టైపు చేయించాము. నోటరీగారు కళ్ళద్దాలు సవరించుకుని, "ఇద్దరిలో ఇప్పుడు వచ్చినది ఎవరు?" అని అడిగారు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. వేంకటరావే వచ్చాడంటే, రాని బేంకటరావు తరఫున ఒప్పుకునేది ఎవరు? బేంకటరావు వచ్చాడందామా, ఆ పేరుతో గుర్తింపు కార్డు లేదు. చాలాసేపు ఆలోచించిన మీదట, వేంకటరావు సంతకం చేసి, బేంకటరావు తరఫున వేలిముద్ర కూడా వేశాడు. ఇద్దరినీ చిన్ననాటి నుంచి ఎరుగుదునని నేను సాక్షి సంతకం చేశాను.

మేనల్లుడు తిరిగి దుబాయి వెళ్ళాక ఆ కాగితాలతో నేను వెళితే, కౌంటరులోని ఆయన, "మీరు ఆంధ్రా నుంచి ఎప్పుడు వచ్చారు?" అన్నారు. అయ్యా, మేము ఎక్కడి నుంచీ రాలేదు. 1936 ఏప్రిల్ 1న ఈ రాష్ట్రం ఏర్పడిననాడు మా తాతగారు ఇదే ఊళ్ళో తన అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన కదలలేదు, గీత కదిలింది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయులుగా ఉండి, సవరలనే గిరిజనుల మాటను విన్నది విన్నట్లు కాగితం మీద పెట్టడానికి ఏళ్ళ తరబడి శ్రమించినది ఈ ఊళ్ళోనే. అటువంటి ఊళ్ళో ఒక మనిషి పేరును, చూసి కూడా రాయలేకపోయారు. దుబాయిలో మావాడు పరాయివాడే. ఆ సంగతి వారు దాచరు, రుసుము తీసుకుని కార్డు ఇస్తారు. పుట్టిన గడ్డ మీద పరాయివాణ్ణి చేయడానికి మీకు ఏ అధికారం ఉంది? సవరణ దరఖాస్తు మీ బల్ల మీద ఎనిమిది నెలలు పడి ఉంది. ఈలోగా బిడ్డ పుట్టింది. తండ్రి దానిని ఫోనులో చూసి, మాట రాక, ఆ ఫోనును నిటారుగా పట్టుకోలేక కూర్చున్నాడు. ఒక్క అక్షరానికండీ ఇదంతా!

బిడ్డది రోహిణీ నక్షత్రం. పేరు ఓ, వా, వీ, వూ అనే అక్షరాలలో ఒకదానితో మొదలుకావాలని పురోహితుడు చెప్పాడు. మా చెల్లెలు ఆయన మాట పూర్తికాకుండానే మూడింటిని కొట్టివేయించింది. ఇంటిల్లిపాదీ ఇప్పుడు 'ఓ'తో పేరు వెతుకుతున్నారు.