చెదల మందు ఫార్వర్డ్: ఒక్కో మాటకీ జవాబు

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో చెదల మందు గురించి ఒక మెసేజ్ చక్కర్లు కొడుతోంది. మియాపూర్‌లో ఉండే మా అక్క పంపింది, ఉప్పల్‌లో ఉండే స్నేహితుడూ పంపాడు. అందులో ఉన్నది ఇదీ:

"చెదలకి కొట్టే క్లోర్‌పైరిఫాస్‌కి భయపడకండి. డబ్బా మీద ఎర్ర త్రికోణం లేదు, పసుపే ఉంది. అంతర్జాతీయ లెక్కలోనూ మూడో కేటగిరీయే. మందు 20 శాతమే, మిగతాది నీళ్లలాంటిదే, అంటుకోదు. వాసన పోతే విషం పోయినట్టే. అందులో ఉన్నది క్లోరినే, మనం తాగే నీళ్లలోనూ వేస్తారు. అనుమానం ఉంటే బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో తుడవండి. ప్రభుత్వ అనుమతి ఉన్న మందు. ఎవరైనా పొరపాటున మింగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించండి, చాలు."

రసాయనాల సేఫ్టీ డేటా షీట్లు, అంటే ఒక్కో రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు చెప్పే పత్రాలు రాయడం నా ఉద్యోగం. ఏ రసాయనం ఏ రకం ప్రమాదం కిందికి వస్తుందో తేల్చడమే రోజంతా నా పని. ఈ మెసేజ్‌లో కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తి తప్పులు. ఆఖరి సలహా పాటిస్తే మనిషి ప్రాణానికే ముప్పు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందు ఆ పసుపు రంగు సంగతి. మన దేశంలో పురుగుల మందు డబ్బా మీద రంగు గుర్తు ఎలా ఉండాలో 1971 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ రూల్స్ చెబుతాయి. రంగులు నాలుగు. ఎరుపు అంటే అత్యంత విషపూరితం, పసుపు అంటే తీవ్ర విషపూరితం, నీలం మధ్యస్తం, ఆకుపచ్చ కొద్దిపాటి విషం. అంటే పసుపు పైనుంచి రెండోది. పుర్రె గుర్తు ఎరుపుకే ఉంటుంది కాబట్టి పసుపు డబ్బా చూడగానే జనానికి ధైర్యం వస్తోంది. కానీ పసుపు గుర్తు పైభాగంలో కూడా ఎర్ర అక్షరాలతో 'పాయిజన్' అని ఉండాల్సిందే. ఈసారి డబ్బా చేతికొస్తే చూడండి.

ఈ రంగు ఎలా నిర్ణయిస్తారో తెలిస్తే అసలు విషయం అర్థమవుతుంది. ప్రయోగశాలలో ఎలుకల్లాంటి జంతువులకి మందు ఇచ్చి, సగం జంతువులు చనిపోయే మోతాదు ఎంతో కొలుస్తారు. దాన్నే ఎల్‌డీ50 అంటారు. నోటి ద్వారా ఇచ్చినప్పుడు అది కిలో శరీర బరువుకి 50 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఎరుపు, 51 నుంచి 500 వరకు పసుపు, 501 నుంచి 5000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ. చర్మానికి అంటినప్పటి లెక్క వేరేగా ఉంది. క్లోర్‌పైరిఫాస్‌కి ఎలుకల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసుకున్న అంకె 135. అందుకే పసుపు.

అంటే ఆ రంగు ఒకే ఒక్క ప్రశ్నకి జవాబు: ఒక్కసారి ఒంట్లోకి పోతే ఎంతలో ప్రాణం పోతుంది? కొద్దికొద్దిగా రోజూ పీలిస్తే ఏమవుతుంది, కడుపులో బిడ్డకి ఏమవుతుంది, నిప్పు దగ్గర ఉంటే ఏమవుతుంది, నాలాలో పోస్తే చేపలకేమవుతుంది అనే ప్రశ్నలు ఆ రంగు లెక్కలో లేనే లేవు. పైగా ఎల్‌డీ50 చావుని కొలుస్తుంది, జబ్బుని కాదు. అంతకంటే చాలా తక్కువలోనే పరిస్థితి విషమించి మనిషి ఆస్పత్రి పాలవుతాడు.

పిల్లలున్న ఇంట్లో ఈ చిన్న లెక్క తెలిసి ఉండాలి. 20 శాతం మందులో ఒక మిల్లీలీటరుకి దాదాపు 200 మిల్లీగ్రాముల క్లోర్‌పైరిఫాస్ ఉంటుంది. ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లలో సుమారు 1000 మిల్లీగ్రాములు. 12 కిలోల బరువున్న పసివాడికి అది కిలోకి 83 మిల్లీగ్రాములవుతుంది. సగం ఎలుకలని చంపిన అంకె 135 అని పైన చెప్పాను. ఒక్క చెంచా మింగిన పసివాడికీ ఆ అంకెకీ మధ్య దూరం ఇంకో చెంచా కూడా లేదు. మిగిలిన మందుని ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో పోసి వాచ్‌మన్ గదిలో పెట్టించే వాళ్లు దయచేసి ఈ లెక్క ఇంకోసారి చదవండి.

"మూడో కేటగిరీయే" అన్న మాట వరస తెలియక అన్నది. జీహెచ్ఎస్ అనే అంతర్జాతీయ వర్గీకరణలో 1 అన్నింటికంటే ప్రమాదకరం, అంకె పెరిగే కొద్దీ ప్రమాదం తగ్గుతుంది. నోటి ద్వారా విషప్రభావంలో మూడో కేటగిరీ అంటే ఎల్‌డీ50 కిలోకి 50 నుంచి 300 మిల్లీగ్రాముల మధ్య ఉన్నవి. దానికి పుర్రె గుర్తు, 'డేంజర్' అనే మాట తప్పనిసరి. యూరప్ వర్గీకరణలో క్లోర్‌పైరిఫాస్ ఉన్నది ఇక్కడే. నీటి జీవులకి హాని విషయంలో అయితే తక్షణ హానికీ, దీర్ఘకాల హానికీ రెండింటికీ మొదటి కేటగిరీ ఇచ్చారు. మిగిలిన మందు బాత్రూమ్ జాలీలో పోస్తే అది నాలాల మీదుగా చెరువుకో మూసీకో చేరుతుంది. ఫార్వర్డ్ రాసినవాళ్లకి ఆ ఒకటో అంకె కనపడలేదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. అచ్చమైన క్లోర్‌పైరిఫాస్‌కి ఉన్న కేటగిరీ, 20 శాతం మందుకి ఉన్న కేటగిరీ ఒకటి కాకపోవచ్చు. 135ని 0.20తో భాగిస్తే 675 వస్తుంది, అది జీహెచ్ఎస్‌లో నాలుగో కేటగిరీ. అంటే పలచన చేస్తే మింగినప్పటి విషం లెక్క తగ్గే మాట నిజమే. కానీ ఆ మిగతా 80 శాతం ఏమిటన్నది ఇంకా తేలలేదు.

అది నీళ్లు కాదు. క్లోర్‌పైరిఫాస్ నీళ్లలో దాదాపు కరగదు, లీటరుకి ఒకటి రెండు మిల్లీగ్రాములంతే. అందుకే దాన్ని జైలీన్ లాంటి పెట్రోలియం సాల్వెంట్లో కరిగించి, నీళ్లలో కలిసేలా ఎమల్సిఫయర్ కలుపుతారు. డబ్బా మీద 'ఈసీ' (ఎమల్సిఫయబుల్ కాన్సన్‌ట్రేట్) అని ఉండేది దానికే. పెస్ట్ కంట్రోల్ అబ్బాయి లీటరు మందుకి 19 లీటర్ల నీళ్లు పోసి 1 శాతం ద్రావణం చేసేటప్పుడు దగ్గరుండి చూడండి. డబ్బాలోంచి పడే మందు తేటగా లేత పసుపు రంగులో ఉంటుంది, బకెట్లో పడగానే తెల్లటి పొగలా విచ్చుకుని మొత్తం పాలలా మారిపోతుంది. ఆ తెలుపు నీళ్లలో చెదిరిన సాల్వెంట్ చుక్కలది. అంత తేలిగ్గా కలిసిపోవడం చూసే చాలామంది అది నీళ్ల మందు అనుకుంటారు.

సాల్వెంట్ అన్నాక మంట ప్రమాదం ఉంటుంది. ఒక ద్రవం ఎంత వేడి దగ్గర అంటుకునేంత ఆవిరి ఇస్తుందో దాన్ని ఫ్లాష్ పాయింట్ అంటారు. జైలీన్‌కి అది సుమారు 27 నుంచి 32 డిగ్రీలు. ఫ్లాష్ పాయింట్ 23 నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నవన్నీ జీహెచ్ఎస్‌లో మండే ద్రవాలే. కంపెనీని బట్టి సాల్వెంట్ మారుతుంది, అంకె కూడా మారుతుంది. మీ డబ్బా సంగతి కావాలంటే దాని సేఫ్టీ డేటా షీట్లో తొమ్మిదో సెక్షన్ చూడాలి. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టిన డబ్బాలో ఏం తయారవుతోందో ఆలోచించండి. క్లోర్‌పైరిఫాస్ కూడా బాగా వేడెక్కితే విచ్ఛిన్నమై హైడ్రోజన్ క్లోరైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, గంధకం ఆక్సైడ్ల వంటి విషవాయువులు వదులుతుంది.

మా అక్క అడిగింది, "పూజ మందిరానికి చెదలు పట్టాయి, మరి మందు కొట్టించమంటావా వద్దా?" అని. "అక్కా, కొట్టించేట్టయితే ఆ మందిరంలో దీపం, అగరుబత్తి కొన్నాళ్లు వేరే చోట పెట్టుకో. క్లోర్‌పైరిఫాసే కావాలని లేదు, ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్ మందులు కూడా ఉన్నాయి, వాటి లేబుల్ కూడా చదివాకే కొట్టించు" అని చెప్పాను. చెదలకి మందే వద్దని నేననను. చెక్క తలుపులు, ద్వారబంధాలు తినేశాక బాధ ఏమిటో నాకూ తెలుసు.

"వాసన పోతే విషం పోయినట్టే" అన్నది ఈ మెసేజ్‌లో జనం అతి తేలిగ్గా నమ్మే మాట, అందుకే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది. ఇంట్లో ముక్కుకి గుప్పున కొట్టేది ఎక్కువగా సాల్వెంట్ వాసన. సాల్వెంట్ త్వరగా ఆవిరైపోతుంది. క్లోర్‌పైరిఫాస్ చాలా నెమ్మదిగా ఆవిరవుతుంది. అంటే వాసన పోయింది అంటే సాల్వెంట్ పోయిందని అర్థం, మందు ఇంకా అక్కడే ఉంది. బయట ఎండ, సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడతాయి. గది లోపల ఆ రెండూ తక్కువ. 1998లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో అపార్ట్‌మెంట్లలో ఈ మందు కొట్టాక పరిశీలిస్తే, అది నెమ్మదిగా గాల్లోకి లేచి పిల్లల బొమ్మల మీద చేరుతూనే ఉందని, అలా రెండు వారాల దాకా సాగిందని తేలింది. నేల మీద పాకే పిల్లలు బొమ్మలు నోట్లో పెట్టుకుంటారు కదా.

పిల్లల విషయంలో ఈ పట్టుదల ఊరికే కాదు. గర్భంలో ఉండగా ఈ మందు ఎక్కువగా సోకిన పిల్లల్లో ఏడేళ్ల వయసుకి జ్ఞాపకశక్తి, ఐక్యూ తక్కువగా ఉన్నాయని న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు 2011లో ప్రకటించారు. ఆ తల్లులు మందు తాగలేదు, పొలంలో పని చేయలేదు. నగరంలో, ఇళ్లలో ఉన్నవాళ్లు. ఒక్క అధ్యయనంతో అన్నీ తేలిపోవు. కానీ ఏ త్రికోణం రంగులోనూ ఈ ప్రశ్నకి చోటు లేదు.

క్లోరిన్ సంగతి త్వరగా తేల్చేద్దాం. క్లోర్‌పైరిఫాస్ అణువులో మూడు క్లోరిన్ పరమాణువులు ఒక వలయంలోని కార్బన్లకి గట్టిగా అతుక్కుని ఉంటాయి. వాటికీ, మంచినీళ్లలో క్రిములని చంపే క్లోరిన్‌కీ సంబంధం లేదు. దీనికి ఎదురు ఫార్వర్డ్ కూడా చూశాను, "క్లోరిన్ ఉంది కాబట్టి ఇది డీడీటీ లాంటిదే, ఒంట్లో జీవితాంతం ఉండిపోతుంది" అని. అదీ తప్పే. ఇది ఆర్గానోఫాస్ఫేట్, అంటే ఫాస్ఫరస్ ఉన్న పురుగుమందుల జాతి. ఒంట్లోకి పోయినది చాలావరకు కొద్ది రోజుల్లో విరిగి మూత్రంలో పోతుంది. పేరులో క్లోరిన్ చూసి భరోసా పడొద్దు, బెదిరిపోనూ వద్దు.

బ్లీచింగ్ పౌడర్ సలహా మాత్రం అసలు పాటించొద్దు. ఈ మందు ఒంట్లోకి పోయాక కాలేయంలో ఆక్సాన్ అనే రూపంలోకి మారుతుంది. నరాల మీద దెబ్బకొట్టేది ఆ రూపమే. నీళ్లలోని క్లోరిన్ తగిలినా క్లోర్‌పైరిఫాస్ అదే ఆక్సాన్‌గా మారుతుందని నీటి శుద్ధి మీద జరిగిన ప్రయోగాల్లో తేలింది. విషం విరుగుతుందనుకుని ఇంకా ఘాటైన రూపం చేసుకున్నట్టవుతుంది. ఒలికిన చోట ముందు ఇసుకో మట్టో వేసి పీల్చనిచ్చి, చేతికి గ్లవుజులు తొడుక్కుని ఎత్తేయండి. తర్వాత సబ్బునీళ్లతో కడగండి.

ఇక అనుమతి. రిజిస్ట్రేషన్ ఉందంటే లేబుల్ మీద రాసిన పనికి, రాసిన మోతాదులో వాడొచ్చని అర్థం. పునాది మట్టికి, గోడ అంచున డ్రిల్ చేసిన రంధ్రాలకి వాడే మందుని వంటింటి అల్మారాల్లో, మంచం కింద స్ప్రే చేస్తే ఆ అనుమతి దానికి వర్తించదు. అనుమతి శాశ్వతం కూడా కాదు. ఒకప్పుడు చెదలకి ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ వాడేవాళ్లు, 1996లో ఆ మూడూ మన దేశంలో నిషేధమయ్యాయి. క్లోర్‌పైరిఫాస్ వాడకాన్ని ఇళ్లలో దాదాపు పూర్తిగా ఆపేలా 2000లో అమెరికా ప్రభుత్వం తయారీదారులతో ఒప్పందం చేసుకుంది. ఇంత వరకైతే ఫర్వాలేదు అనే సురక్షిత మోతాదు చెప్పలేమని 2019లో యూరప్ ఆహార భద్రతా సంస్థ తేల్చడంతో 2020లో అక్కడ అనుమతి పొడిగించలేదు. అదే ఏడాది మన కేంద్ర ప్రభుత్వం నిషేధానికి ప్రతిపాదించిన 27 మందుల ముసాయిదాలో ఇదీ ఉంది, కానీ దీని మీద పూర్తి నిషేధం ఖరారు కాలేదు. 2025లో ప్రమాదకర రసాయనాలని అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం కింద, కొన్ని మినహాయింపులతో, దీన్ని నిర్మూలించాల్సిన రసాయనాల జాబితాలో చేర్చారు.

ఆఖరిది, ఉప్పునీళ్లు తాగించి కక్కించడం. ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. కక్కించినప్పుడు ఆ సాల్వెంట్ ఊపిరితిత్తుల్లోకి పోతే రసాయన న్యుమోనియా వస్తుంది. ఉప్పునీళ్లే సొంతంగా ప్రమాదం, ముఖ్యంగా పిల్లలకి. పాలు, మజ్జిగ విరుగుడు కావు. ఈ మందు ఒంట్లో ఆక్సాన్‌గా మారాలి కాబట్టి లక్షణాలు కొన్ని గంటలు ఆలస్యంగా రావొచ్చు, "బాగానే ఉన్నాడుగా" అని ఇంట్లో కూర్చోవద్దు. కంటిపాప సూదిమొనంత చిన్నదవడం, నోటి నుంచి చొంగ, విపరీతమైన చెమట, వాంతులు, విరేచనాలు, కండరాలు అదరడం, ఊపిరాడకపోవడం దీని గుర్తులు. దీనికి అట్రోపిన్ ఇంజెక్షన్లు ఉన్నాయి, అవి ఆస్పత్రిలోనే ఇవ్వగలరు. బట్టల మీద పడితే వెంటనే విప్పేసి ఒళ్లు సబ్బుతో కడగండి, కడిగేవాళ్లు గ్లవుజులు వేసుకోవాలి. 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం ఉచిత నంబరు 1800 116 117. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు డబ్బా లేబుల్ ఫోటో తీసుకెళ్లండి, మందు పేరు, శాతం, సాల్వెంట్ తెలిస్తే డాక్టర్‌కి పని సులువవుతుంది.