వైద్యం చేసేవారే రోగి కావడం తెలుగు తెరకు కొత్త కాదు

ఎదుటివారి మనసును చక్కదిద్దవలసిన వైద్యుడే క్రమంగా మతి కోల్పోయే థ్రిల్లర్ల గురించి నేను చదివిన ఒక వ్యాసంలో వ్యాసకర్త ఆసక్తికరంగా రాశారు గాని, ఇటువంటి ఇతివృత్తం తెలుగులో ఎన్నడూ రాలేదన్న మాటతో ఏకీభవించలేను. 1960లో గుత్తా రామినీడు దర్శకత్వంలో సావిత్రి నటించిన 'చివరకు మిగిలేది' ఈ కోవలోదే (బుచ్చిబాబు నవలతో దీనికి పేరు తప్ప మరే సంబంధమూ లేదు). ఆశుతోష్ ముఖర్జీ బెంగాలీ కథ దీనికి మూలం. ప్రేమలో దెబ్బతిని మతి చెడిన యువకుణ్ణి, ప్రేమ నటించి మామూలు మనిషిని చేయమని పెద్ద డాక్టరు ఒక నర్సును నియోగిస్తాడు. రోగి కోలుకుని తన దారిన తాను వెళ్లిపోతాడు. నటన ఎక్కడ ఆగిందో, ప్రేమ ఎక్కడ మొదలైందో తేల్చుకోలేని ఆ నర్సు మాత్రం తాను సేవ చేసిన ఆసుపత్రిలోనే రోగిగా చేరుతుంది. వ్యాసంలోని చిత్రాల్లో వైద్యుడి పతనానికి పాత నేరమో, వెంటాడే రహస్యమో కారణమైతే, ఇక్కడ చికిత్సే ఆమెను బలి తీసుకుంటుంది. నా దృష్టిలో భయపెట్టవలసింది ఇదే. తన ప్రయోగం ఫలించిందని పొంగిపోయే డాక్టరుకు ఎదురుగా ఉన్న మనిషి కుంగిపోవడం కనిపించదు.

మా నల్లగొండ వాళ్లకు మరో ముచ్చట: తుంగతుర్తిలో పుట్టి, ఉస్మానియాలో వైద్యం చదివిన ప్రభాకర్ రెడ్డి తొలిసారి తెర మీద కనిపించింది ఈ చిత్రంలోనే.