మా గేటుకు వేలాడుతున్న ‘ఇల్లు అమ్మబడును’ బోర్డు గారికి

మహారాజశ్రీ బోర్డు గారి దివ్య సముఖమునకు,

ఈ సాయంత్రం మా ఇల్లు నాకే అమ్మకానికి వచ్చింది. ఈ శుభవార్త ముందుగా మీకే చెప్పుకోవాలనిపించి రాస్తున్నాను.

తమరిని ఫ్లెక్సీ మీద కాకుండా రేకు మీద, ఎర్ర రంగుతో, రెండు లైన్లుగా రాయించాం. పై లైనులో అమ్మకం సంగతి, ఫోన్ నంబరు. కింది లైనులో ‘మధ్యవర్తులు క్షమించాలి’. గుంటూరు బ్రాడీపేట మొత్తం మీద ఇంత మర్యాదగల బోర్డు ఉండదు. మధ్యవర్తులూ అంతే మర్యాదస్తులు. అందరూ పెద్దమనసుతో క్షమించేసి గేటు తీసుకుని లోపలికొచ్చారు.

కమీషన్ రెండు శాతం అన్నారు. కోటీ ఇరవై లక్షల ఇంటికి అది 2,40,000. కొనేవాడి దగ్గర వసూలు చేసేది వేరే. తలుపు తీసి ‘ఇది హాలు, ఇది వంటిల్లు’ అని చెప్పడానికి అంతా? ఆ ముక్క మాకూ చెప్పడం వచ్చు. కాబట్టే తమరిని నియమించుకున్నాం. కొత్త ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు అమ్మి పెట్టే ఏజెంటు రెరా అనే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో నమోదు కావాలని 2016 చట్టం చెబుతోంది. ఇలాంటి పాత ఇంటి దగ్గర వాళ్లను ఆపడానికి ఉన్నది తమరొక్కరే.

చిన్నాచితకా బాధలు ఏకరువు పెట్టి తమ సమయం వృథా చేయను. ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని మా బాత్‌రూమ్‌లో ప్రదక్షిణ చేసినాయన్ని క్షమించాను. అమరావతి వస్తోంది కాబట్టి రేటు పెరుగుతుంది, తొందరపడొద్దని హాల్లో సలహా ఇచ్చి, అమరావతిలో కొత్త ఫ్లాట్లు వస్తుంటే పాతింటికి ఇంతా అని వరండాలో బేరమాడిన పెద్దమనిషిని కూడా. బయానా మొత్తం నోట్ల కట్టగానే ఇస్తానని ఒకాయన పట్టుబట్టాడు. ఇరవై వేలు, ఆ పైన నగదుగా తీసుకుంటే తీసుకున్నంతా జరిమానా పడుతుందయ్యా, అదీ నాకు, అంటే నన్ను చేతకానివాణ్ని చూసినట్టు చూశాడు. పోనీ.

కానీ ఇవాళ్టి సంగతి వేరు.

పన్నెండింటికి ఒక జంట వచ్చింది. ‘బ్రోకర్లు కాదుగా?’ అని గేటు దగ్గరే అడిగాను. ‘అయ్యో, మా సొంతానికే బాబాయి గారూ’ అన్నాడతను. బాబాయి అన్నాక ఇంకేం అడుగుతాం? ఆ అమ్మాయి వంటింటి గట్టు ఎత్తు చూసింది, అలమరాలు తెరిచి మూసింది. అతను గదిగదికీ ఫొటోలు తీశాడు. వాళ్లమ్మకు చూపించాలట, మోకాళ్ల నొప్పులతో ఆవిడ మెట్లెక్కలేదట. మా ఆవిడ కరిగిపోయి, కాఫీతో పాటు తను వాడే తైలం పేరు కూడా కాగితం మీద రాసిచ్చింది.

కాగితాల ఫైలు నేనే తెచ్చి ముందు పెట్టాను. ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, 1983 నుంచే దొరుకుతుంది. మా నాన్నగారు ఈ స్థలం కొన్నది 1971లో. 1983కి ముందరి ఈసీ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగి తీయించి, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లతో సహా వరసగా పెట్టి ఉంచాను. అతను ఫైలు తాడు కూడా విప్పలేదు. ‘మీ మీద నమ్మకం ఉంది బాబాయి గారూ’ అన్నాడు. నిజంగా డబ్బు పెట్టేవాడు మొదట అడిగేది ఆ ఫైలే కదా!

గురువారం కదా, మూడు దాకా రాహుకాలం, అది వెళ్లగానే టోకెన్ అడ్వాన్సుతో వస్తామన్నారు. మూడయింది. నాలుగయింది. మధ్యాహ్నం కునుకు మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చున్నాను. ఫోన్ చేస్తే రింగవుతుంది గానీ ఎత్తరు.

ఆరింటికి మా ఆవిడ వాట్సాప్‌కి మెసేజ్. మేము చేరడానికి ఫ్లాట్ వెతుకుతూ ఎవరికో ఆమె నంబరు ఇచ్చాం, అది ఊరంతా తిరుగుతోంది. ‘బ్రాడీపేటలో ఇండిపెండెంట్ హౌస్. తూర్పు ఫేసింగ్. క్లియర్ టైటిల్. ఓనర్ మనకు బాగా కావలసిన మనిషి. కోటీ ముప్పై. సీరియస్ పార్టీలు మాత్రమే.’ కింద మా హాలు, మా వంటింటి గట్టు, పెరట్లో తీగ మీద నా లుంగీ.

క్లియర్ టైటిలట! తాడు విప్పకుండానే!

ఇంటి ముందు భాగం ఫొటో కూడా ఉంది. అందులో నువ్వూ ఉన్నావు. సగమే ఉన్నావు. ఫోన్ నంబరూ కింది లైనూ పోయేలా కత్తిరించి ‘ఇల్లు అమ్మబడును’ అన్నంత వరకే ఉంచాడు. ఏమయ్యా, నిన్ను ఎందుకు వేలాడదీసినట్టు? మా ఆవిడ కాఫీ తాగి, మా ఇంటి మీద పది లక్షలు వేసుకుని, నిన్నే సగానికి కోసి నీ ముందు నుంచే బండెక్కి పోతుంటే గాలికి ఊగుతూ నిలబడ్డావు! రేకు ఖర్చు దండగ, రంగు ఖర్చు దండగ. సిగ్గుండాలి!

మా ఆవిడ ఫోన్ నుంచే నేను జవాబు పెట్టాను. ఇల్లు నచ్చింది, ఓనర్‌తో ఒకసారి మాట్లాడించమన్నాను. నిమిషంలో వచ్చింది సమాధానం: ‘ఆయనతో మీరు డైరెక్టుగా మాట్లాడొద్దు సార్, కాస్త తిక్క మనిషి. నేనైతే వంచుతా.’

రేపు పదకొండింటికి నన్ను మా ఇంటికి తీసుకొచ్చి చూపిస్తాడట. కమీషన్ రెండు శాతమట. శంకర్ విలాస్ సెంటర్లో నిలబడితే బండి మీద ఎక్కించుకుంటానన్నాడు. వెళ్తున్నాను.

ఇట్లు,
సీరియస్ పార్టీ