మూడు నెలల్లో గిటార్ వచ్చేస్తుందా సార్?

నిన్న సాయంత్రం ఫోన్. "సార్, మీరు గిటార్ నేర్పుతారట కదా. మూడు నెలల్లో వచ్చేస్తుందా?" మనిషి మంచివాడిలాగే ఉన్నాడు, మాటలో హుషారు ఉంది. "రాదండీ" అన్నాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. "మా వీధిలో ఒకాయన మూడు నెలల కోర్సు అన్నాడు సార్, చివర్లో సర్టిఫికెట్ కూడా ఇస్తాడంట." "అయితే అక్కడే చేరండి" అని పెట్టేశాను. పెట్టేశాక మా ఆవిడ చూసిన చూపు గురించి ఇక్కడ రాయడం అనవసరం. ఈ నెల అద్దె ఇంకా కట్టలేదు.

ఫోన్ చేసినాయన మీద నాకేం కోపం లేదు. ఆ ప్రశ్నకు పదేళ్ళకు పైగా "ఎందుకు రాదు సార్, రోజూ అరగంట కూర్చుంటే చాలు" అని జవాబిచ్చింది నేనే. నాలాంటివాళ్ళు ఊళ్ళో ఇంకా చాలామంది అదే చెప్పారు. జనానికి ఆ లెక్క నేర్పింది మేమే. ఇప్పుడు వాళ్ళు దాన్ని మాకు అప్పజెబుతున్నారు, అంతే.

ఎందుకు అబద్ధం చెప్పానో ముందు అది చెప్తాను.

గిటార్ మీద బతికేవాడికి హైదరాబాద్‌లో రెండు క్యాలెండర్లు. ఒకటి పంచాంగం, రెండోది బడి పరీక్షల టైమ్‌టేబుల్. నాకు జాతకాల మీద నమ్మకం లేదు కానీ, ఉగాది వస్తుందంటే మా వీధిలో మొదట పంచాంగం కొనేది నేనే. మూఢం ఎప్పుడు పడుతుంది, ఎప్పుడు విడుస్తుంది, ఆషాఢం ఏ తారీఖున మొదలు, శ్రావణంలో ముహూర్తాలెన్ని, ఇవన్నీ మా కీబోర్డు తమ్ముడికి నోటికి వచ్చు. సంగీత్‌లూ రిసెప్షన్లూ ముహూర్తాల చుట్టూనే కదా తిరిగేది. శుక్ర మూఢం వచ్చిందంటే మా బ్యాండులో ఐదుగురికీ మూఢమే. ధనుర్మాసంలో పెళ్ళిళ్ళు ఆగితే చర్చిల్లో క్రిస్మస్ కార్యక్రమాలు ఆదుకుంటాయి, ఆ తర్వాత డిసెంబరు 31 రాత్రి ఎలాగూ ఉంది.

క్లాసులది ఇంకో గోల. ఫిబ్రవరి నుంచి పిల్లలు ఒక్కొక్కరే "ఎగ్జామ్స్ అయ్యాక వస్తాం సార్" అంటారు. వేసవి సెలవులు ఇవ్వగానే ఒకేసారి ఇరవైమంది వచ్చి పడతారు. జూన్‌లో బళ్ళు తెరిచేసరికి అందులో నలుగురు మిగులుతారు. ఆ వెనకే ఆషాఢం. క్లాసులు పలచబడి, ఫంక్షన్లూ లేని నెల. అలాంటి నెలలో మా మేడ మీద గదికి ఒక మనిషి చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చి "మూడు నెలల్లో వస్తుందా" అని అడిగితే, రాదని చెప్పే ధైర్యం నాకు ఉండేది కాదు.

వస్తుందనేవాణ్ణి. చేరేవాళ్ళు. ఆ మూడు నెలల్లో ఏం జరుగుతుందో వినండి.

మొదటి వారం వేళ్ళు మండుతాయి. అన్నిటికన్నా సన్న తీగ మందం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు, పైగా ఉక్కు. దాన్ని వేలి కొనతో కర్రకు అదిమిపట్టాలి. ఆరు తీగలూ కలిసి ఆ చెక్కపెట్టెను లాగే బలం సుమారు 70 కిలోల బరువు వేలాడదీసినంత. పార పట్టేవాడి అరచేతుల్లాగే గిటార్ పట్టేవాడి వేలికొనలూ కాయలు కాయాలి. అందుకు మూడు నాలుగు వారాలు పడుతుంది, అదీ రోజూ పట్టుకుంటే. వారానికి రెండు రోజులు క్లాసులో పట్టుకుని, మిగతా ఐదు రోజులూ బ్యాగు జిప్పు తీయకపోతే కాయ కాయదు, మంట తగ్గదు. అలాంటివాళ్ళకు ప్రతి క్లాసూ మొదటి క్లాసే.

ఇంకో సంగతి ఉంది, మా వృత్తిలో పెద్దగా ఎవరూ మాట్లాడనిది. వచ్చినవాళ్ళలో చాలామంది చేతిలో ఉన్న గిటార్ వాయించే స్థితిలో ఉండదు. ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వేలు పెట్టి తెప్పించి, బ్యాగు, క్యాపో, నాలుగు పిక్‌లు, స్ట్రాప్ ఫ్రీగా వచ్చాయని మురిసిపోతూ తెస్తారు. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లను ఫ్రెట్లంటాం, పన్నెండో ఫ్రెట్ దగ్గర స్కేలు పెట్టి చూస్తే తీగ నాలుగు మిల్లీమీటర్లు పైకి లేచి ఉంటుంది. రెండు, మహా అయితే రెండున్నర ఉండాలి. ఒకటిన్నర మిల్లీమీటరు అంటే మనకు లెక్కలోకి రాదు. వేలికి మాత్రం అది గాలి పోయిన టైరుతో సైకిల్ నేర్చుకోవడమే.

సరిచేయడం పెద్ద విద్యేం కాదు. మెడ లోపలుండే ఇనుప కడ్డీని అలెన్ కీతో కొంచెం తిప్పాలి, తీగలు కట్టే బ్రిడ్జి మీది తెల్ల ముక్కను అడుగు నుంచి అరగదీయాలి, మెడ చివర తీగలు ఆనే నట్‌లో గాట్లు కాస్త లోతు చేయాలి. ముప్పావు గంట పని. నాకు చేతనవును. అయినా ఏళ్ళ తరబడి చేయలేదు. క్లాసు టైములో చేస్తే "ఇవాళ ఏమీ చెప్పలేదు" అంటారు. విడిగా చేస్తే డబ్బులడగాలి, అడిగితే "కొత్త గిటార్‌కి రిపేరేంటి సార్" అంటారు. ఎందుకొచ్చిన గొడవని నోరు మూసుకుని జి కార్డు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి పలికే వేళ్ళ పట్టు, చూపించేవాణ్ణి. కుర్రాడు నొక్కి నొక్కి, తీగ పలక్క, "నాకు టాలెంట్ లేదేమో సార్" అనేవాడు. అవునని నేను అనలేదు. కాదని కూడా అనలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

రెండో నెలలో ఎఫ్ కార్డు. వాయించేవాళ్ళకు ఆ ఒక్క అక్షరం చెప్తే చాలు, మిగతాది అర్థమైపోతుంది. చూపుడువేలిని బద్దలా చేసి మొదటి ఫ్రెట్‌లో ఆరు తీగలూ ఒకేసారి నొక్కాలి. పక్కనే నట్ కాబట్టి తీగ అక్కడ మొండికేస్తుంది. మిగిలిన మూడు వేళ్ళూ తలో చోట. ఒక తీగ పలికితే ఇంకోటి మూగబోతుంది. నాకది కుదరడానికి ఐదు నెలలు పట్టింది. అప్పుడు నాకు పదిహేడేళ్ళు, వేరే పనేమీ లేదు. పొద్దున ఎనిమిదికి క్యాబెక్కి రాత్రి ఎనిమిదికి గచ్చిబౌలి నుంచి తిరిగొచ్చే మనిషికి రెండు వారాల్లో రావాలంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? మూడో నెల మొదట్లో మెసేజ్ వస్తుంది: "సార్, ఆఫీసులో రిలీజ్ ఉంది, నెక్స్ట్ మంత్ నుంచి కంటిన్యూ చేస్తా." ఆ నెక్స్ట్ మంత్ నేనింతవరకు చూడలేదు.

కిందటేడు దసరాకు ముందు కొండాపూర్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. హాల్లో టీవీ పక్కన మేకుకు గిటార్. నాకది జబ్బు, ఎవరింట్లో కనిపించినా దించి ఒకసారి మీటి చూస్తాను. తీగలు తుప్పు పట్టాయి, శ్రుతి పాతాళంలో ఉంది. ఇంటాయన పక్కకొచ్చి నవ్వుతూ "గుర్తుపట్టలేదా సార్? 2016లో మీ దగ్గరే నేర్చుకున్నా. నాకు రాలేదు" అన్నాడు. వాళ్ళ ఆరేళ్ళ బాబు వింటున్నాడు. "డాడీకి రాదు" అని వాడు కూడా అన్నాడు.

నేను తీగ ఎత్తు చూశాను. స్కేలు అక్కర్లేదు, కంటికే తెలుస్తోంది. నాలుగు మిల్లీమీటర్లు. 2016లోనూ అంతే ఉండి ఉంటుంది, నేనే చూడలేదు. మూడు నెలల్లో వస్తుందని చెప్పాను, నాలుగో నెల రాగానే ఆ మనిషి తన లెక్కలో తాను ఫెయిలయ్యాడు. నిజానికి అప్పటికి అతను ఉండాల్సిన చోటే ఉన్నాడు, ఇంకో ఏడెనిమిది వారాలు పట్టుకుని ఉంటే చెయ్యి తిరిగేది. తొమ్మిదేళ్ళుగా ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ "నాకు రాలేదు" అని చెప్పుకుంటున్నాడు. ఆ గిటార్ అడిగి ఇంటికి తెచ్చుకుని, సరిచేసి, కొత్త తీగలు వేసి ఇచ్చి వచ్చాను. వాయిస్తున్నాడో లేదో అడగలేదు.

పిల్లల తల్లిదండ్రులది మూడు నెలల గోల కాదు, గ్రేడ్ల గోల. లండన్ సంగీత బోర్డుల గ్రేడ్ పరీక్షలు మంచివే. ఎనిమిది గ్రేడ్లూ పద్ధతిగా ఎక్కినవాళ్ళకు చెయ్యీ చెవీ రెండూ తయారవుతాయి. మనం వాటిని ఎంసెట్ చేసేశాం. ఏడాదంతా మూడు పాటలు, అవే మూడు పాటలు, పరీక్ష గది గుమ్మం దాకా. మూడో గ్రేడు పాసయి వచ్చిన ఒక పాపను "పేపరు చూడకుండా పుట్టినరోజు పాట వాయించమ్మా" అంటే బిక్కమొహం వేసింది. వాళ్ళమ్మ "అది సిలబస్‌లో లేదు కదా సార్" అంది. ఆవిడ జోక్ చేయలేదు.

ఆ పాపకు ఇప్పుడు వారంలో ఒక క్లాసు పూర్తిగా చెవి కోసమే. వాళ్ళ అమ్మమ్మ చిన్నప్పుడు సంగీతం నేర్చుకుందట. శంకరాభరణం రాగం మెట్లు పాశ్చాత్య సంగీతంలో మేజర్ స్కేలే, నటభైరవి అంటే మేము నేచురల్ మైనర్ అనేదే. అమ్మమ్మ రాజమండ్రి నుంచి ఫోన్‌లో స్వరం పాడుతుంది, ఈ పిల్ల తీగ మీద వెతుక్కుంటుంది. నెట్‌వర్క్ ఆలస్యం వల్ల ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు, ఒకరి తర్వాత ఒకరు. గంట ఎలా గడుస్తుందో తెలియదు. గ్రేడు నాలుగు ఎప్పుడని వాళ్ళమ్మ ఇంకా అడుగుతూనే ఉంది.

మా నాన్న అయితే "అది మన వాయిద్యం కాదురా" అనేవాడు. వయొలిన్ మాత్రం మనదా? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని కచేరీలోకి తెచ్చాడు, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు గారి చేతిలో అది విజయనగరం సొత్తయిపోయింది. 1969లో పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద, ఫ్రెట్లున్న వాద్యం మీద, గమకం పలికించాడు. నాన్నకు ఆయన కచేరీ క్యాసెట్ తెచ్చి వినిపించాను. చివరిదాకా విని "అది మాండొలిన్ కదరా, గిటార్ కాదుగా" అన్నాడు. అక్కడితో ఊరుకున్నాను.

ఫంక్షన్ల గురించి ఎక్కువ రాయను. బ్యాలెన్స్ డబ్బులు "రేపు పంపిస్తా అన్నా" దగ్గరే ఉంటాయి. ఎర్త్ సరిగా లేని ఫంక్షన్ హాల్లో చెయ్యి తీగల మీద ఉండగా పెదవి మైకుకు తగిలితే దోమల బ్యాట్‌తో మూతి మీద కొట్టినట్టుంటుంది. నా మైకుకు ఎప్పుడూ స్పాంజి తొడుగు ఉండేది అందుకే, స్టైల్ కోసం అనుకుంటారు జనం. మొన్నామధ్య పెళ్ళిలో ఒక ఈవెంట్ కుర్రాడు పాటలన్నీ ల్యాప్‌టాప్‌లో ట్రాక్ వేసుకుని, "నువ్వు గిటార్ పట్టుకుని నిలబడన్నా, లుక్ బాగుంటది" అన్నాడు. నిలబడ్డాను. రెండు గంటలకు ఇచ్చింది, ఒక స్టూడెంట్ నాకు రెండు నెలలకు ఇచ్చేదానికన్నా ఎక్కువ.

దసరా నుంచి నా పద్ధతి మార్చాను. మొదటి రోజు పాఠం ఉండదు. స్కేలు పెట్టి చూస్తాను, గిటార్ సరిచేస్తాను, దానికి డబ్బు తీసుకోను. మూడు నెలలకు ఐదారు కార్డులు, తడబడుతూ రెండు పాటలు, ఎఫ్ రాదు, ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు, ఏడాదికి నలుగురి ముందు కూర్చుని వాయిస్తారు అని చెప్తాను. ఇది విని సగం మంది మెట్లు దిగి వెళ్ళిపోతున్నారు. అప్పుడు ఇరవై ఆరుమంది ఉండేవాళ్ళు, ఇప్పుడు పద్నాలుగు. "నీకు బిజినెస్ తెలీదన్నా" అంటాడు కీబోర్డు తమ్ముడు. వాడు మూడు నెలల కోర్సు నడుపుతాడు, నెల నెలా కొత్త బ్యాచ్. వాడి మాటలో తప్పేం లేదు, నా అద్దె సంగతి పైనే చెప్పానుగా.

ఆషాఢం దగ్గర పడింది. పెళ్ళిళ్ళు లేవు, నా సాయంత్రాలు ఖాళీ. మీ ఇంట్లో మేకు మీద గిటార్ ఉంటే దించి ఒకసారి తీసుకురండి, చూసి పెడతాను. నా పాత స్టూడెంట్లయితే కొత్త తీగల ఖర్చు కూడా నాదే. చేరాలనుకునేవాళ్ళు ఎడమచేతి గోళ్ళు మొదలంటా కత్తిరించుకుని రండి. గదిలో నెయిల్ కట్టర్ ఉంది కానీ, అది పద్నాలుగు మంది వాడేది.